ఆదరణ రాసే తమ్ముడికి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. విశాఖ పెదజాలరిపేటలో భర్తను పోగొట్టుకున్న ఆ చెల్లెలి కోసం నువ్వు రాసిన ధ్యానం, అంటే ఆ ఆదరణ కాగితం, అందింది. ఒకసారి మనసులో, ఒకసారి పైకి చదివాను. ఆమె మీద నీకున్న జాలి ప్రతి వరుసలో కనిపిస్తోంది. అయినా ఈ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఆమె చేతికి ఇవ్వొద్దు.

అసలు చిక్కు బైబిలు వాక్యం ఎంపికలోనే ఉంది. సముద్రం మీద పోయిన మనిషి కదా అని సముద్రం ఉన్న వాక్యం కోసం వెతికి, మార్కు 4వ అధ్యాయంలో యేసు తుపానును గద్దించిన ఘట్టం తీసుకున్నావు. దాన్ని ఒకసారి ఆమె చెవితో విను. శిష్యుల దోనె ఒడ్డుకు చేరింది. తన భర్త కలాసీగా వెళ్లిన బోటు చేరలేదు. 'గాలి అణగి మిక్కిలి నిమ్మళమాయెను' అని నువ్వు రాసిన చోట ఆమెకు వినిపించేది ఒక్కటే: మరి ఆ రాత్రి ప్రభువు ఎందుకు లేవలేదు? ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. కానీ దాన్ని ఆమె ముందు పెట్టింది నువ్వు, జవాబు మాత్రం నీ ధ్యానంలో లేదు. మనిషి ఏ ఆపదలో పోయాడో, అదే ఆపదలోంచి ఇంకొకరు బయటపడిన వాక్యాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లకూడదు. బిడ్డ పోయిన తల్లికి, చనిపోయిన యాయీరు కూతుర్ని యేసు లేపిన సంగతి చెప్పడం, క్యాన్సర్‌తో మనిషి పోయిన ఇంట్లో స్వస్థతల గురించి రాయడం ఇలాంటివే. ఆ వాక్యాల దగ్గరికి వాళ్లే ఒకరోజు వస్తారు. తొందరపెట్టడం మన పని కాదు.

దానికి బదులు 139వ కీర్తన 9, 10 వచనాలు తీసుకో. 'నేను వేకువ రెక్కలు కట్టుకొని సముద్ర దిగంతములలో నివసించినను అక్కడను నీ చేయి నన్ను నడిపించును, నీ కుడిచేయి నన్ను పట్టుకొనును.' ఇందులో తుపాను ఆగదు. ఎవరూ ఒడ్డుకు చేరరు. సముద్రం చివరి అంచున కూడా వదలకుండా పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది, అంతే. మనిషి దొరకలేదన్నావు కదా. సమాధుల పండుగకి అందరూ తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టుకుంటుంటే, వెళ్లడానికి చోటే లేని మనిషి ఆమె. ఆమెకు 'అక్కడను' అన్న ఆ ఒక్క మాట ఎంత విలువైందో ఆలోచించు. ధ్యానం మొత్తాన్ని ఆ మాట మీదే నిలబెట్టు. ఇంకో వాక్యం తేవద్దు. నువ్వు ఒకే పేజీలో ఏడు వాక్యాలు ఉదహరించావు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏడు గుర్తుండవు, ఒకటి గుర్తుంటే గొప్ప.

ఇక ధ్యానం నడక. దీనికి 13వ కీర్తన కన్నా మంచి కొలత నాకు తెలియదు. ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండూ మొర: 'యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?' తర్వాతి రెండూ వేడుకోలు. చివరి రెండింటిలోనే నమ్మకం, అదీ 'నేనైతే' అన్న మాటతో మలుపు తిరుగుతుంది. అంటే మూడింట రెండు వంతులు గడిచాకే దావీదు నిబ్బరం మాట ఎత్తాడు. నీ ధ్యానంలో మూడో వరుసకే 'ఇది దేవుని చిత్తం' వచ్చేసింది. మూడు వందల యాభై మాటలు రాస్తే, కనీసం రెండు వందలు ఆమె బాధకే ఇవ్వు. తలుపు చప్పుడైతే ఇంకా ఉలిక్కిపడి లేవడం, అలవాటు కొద్దీ ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పొయ్యడం, వీటిని పేరు పెట్టి రాయి. 'తీరని లోటు' అని రాయకు, ఆ మాట ప్రతి సంతాప సభలోనూ నలిగిపోయింది. విలాపవాక్యములు మూడో అధ్యాయంలో 'అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది' అని మనం గోడల మీద రాసుకునే మాట 23వ వచనంలో ఉంది. దాని ముందు ఇరవై వచనాల చేదు ఉంది. గోడ మీదికి ఆ ఇరవై ఎక్కవు కాబట్టి, అవి ఉన్నాయనే మరచిపోతాం.

88వ కీర్తనకైతే ఆ మలుపు కూడా లేదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ఆగిపోతుంది. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. నీ ధ్యానం చివర వెలుగు రాకపోతే అది అవిశ్వాసమవుతుందని భయపడకు.

'విశ్వాసులం, మనం ఏడవకూడదు' అన్న నీ వాక్యం పూర్తిగా కొట్టెయ్. 1 థెస్సలొనీకయులకు 4:13 ఆధారంగా రాశావని తెలుసు. పౌలు అన్నది 'నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము' అని. బరువంతా 'ఇతరులవలె' మీద ఉంది. దుఃఖపడే తీరు వేరన్నాడు గానీ దుఃఖమే వద్దనలేదు. లాజరును లేపబోతూ కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు. అలాగే, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయన్న రోమా 8:28 సత్యమే, కానీ మొదటి నెలల్లో పక్కవాళ్ల నోట అది రాయిలా తగులుతుంది. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు ఒక్క పలుకు పలకకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలెట్టాకే చెడింది.

భాష గురించి ఒక మాట. వాక్యాన్ని పాత అనువాదంలోనే ఉంచు, సులువు చెయ్యకు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో కంఠతా పెట్టిన మాటలు అవి, చదవకముందే నోటికి వస్తాయి. నీ మాటలు మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. 'ప్రియ సహోదరీ, నీవు దుఃఖించుచున్నావా?' అని రాస్తే ఎదురుగా పుల్‌పిట్ లేచి నిలబడుతుంది. సువార్తలు తెలుగులోకి వచ్చే పని సాగింది మన విశాఖలోనే, తెలుసు కదా. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన క్రాన్, దెగ్రాంజ్ ఇక్కడ తెలుగు నేర్చుకున్నారు, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయం చేశాడు. 1812లో మూడు సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఆ దొరలిద్దరూ బతికి లేరు. ఆ పాత మాటలను అంత జాగ్రత్తగా పట్టుకోమని అందుకే అంటున్నాను.

ఇంకొకటి, ఇది రాత కన్నా ముఖ్యం. రాత్రిళ్లు నిద్ర లేదనీ, తిండి మానేసిందనీ రాశావు. 1 రాజులు 19లో ఏలీయా 'ఇక చాలు' అని చావు కోరుకుంటే దేవదూత గద్దించలేదు, ప్రసంగించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. కాబట్టి కాగితంతో పాటు స్త్రీల సమాజం వాళ్లతో ఒక క్యారియర్ అన్నం పంపించు. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే ధ్యానం పక్కన పెట్టు. ఆమెను ఒంటరిగా వదలకుండా, 14416కు, అంటే మానసిక ఇబ్బందుల్లో సాయపడే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ కలిపివ్వు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెంట మనిషి వెళ్లాలి. మందులు వాడడం విశ్వాసం తక్కువై కాదని ధ్యానంలోనే ఒక వరుస రాయి. మన సంఘాల్లో ఆ మాట రాతలో కనబడాలి.

తిరగరాశాక పైకి చదువు. మూడు నిమిషాలు దాటితే కొయ్యి. ఊపిరి తిప్పుకోకుండా చదవలేని వాక్యం ఉంటే రెండు చెయ్యి. అక్షరం పెద్దదిగా వేయించు, ఏడ్చిన కళ్లకు చిన్న అక్షరం ఆనదు.

ఒక్కటే రాసి ఊరుకోకు, రెండోది కూడా సిద్ధం చెయ్యి. ఇప్పుడు వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పేటలో ఏ మగమనిషీ ఇంజన్ బోటు మీద వేటకు వెళ్లడు గనక ఆమె బాధ కొంచెం మరుగున ఉంటుంది. జూన్ 14తో నిషేధం తీరుతుంది. హార్బర్‌లో ఐసు, డీజిల్ ఎక్కిస్తారు, పక్కింటివాళ్లు భర్తలకు సామాన్లు సర్దుతారు, అర్ధరాత్రి దాటాక ఇంజన్ల చప్పుడు మొదలవుతుంది. ఆ రెండో కాగితంలో ఆ చప్పుడు గురించే రాయి. 14వ తేదీ సాయంత్రానికి అది ఆమెకు అందాలి. పోస్టులో వెయ్యకు, నువ్వే తీసుకెళ్లి ఇవ్వు.

ప్రభువునందు,
మీ అన్నయ్య