ఈ-పుస్తకాల క్యాటలాగు పనిలోకి వచ్చిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈ-పుస్తకాల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ముద్రిత పుస్తకాల దగ్గర నేర్చిన పని ఇక్కడా పనికొస్తుంది కానీ, ఒక్క అలవాటు మార్చుకోవాలి. బీరువాలో పెట్టిన పుస్తకం మనం తీసేదాకా అక్కడే ఉంటుంది. చందా మీద వచ్చే ఈ-పుస్తకం మాత్రం గడువు తీరినా, ప్రచురణకర్త ప్యాకేజీ నుంచి తప్పించినా కనిపించకుండా పోతుంది. అందుకే రికార్డు చేర్చే రోజునే దాన్ని తీసేయవలసిన రోజును కూడా తలచుకో.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. ఒకసారి సరఫరాదారు పంపిన మార్క్ ఫైలును, అంటే క్యాటలాగు వివరాలను కంప్యూటర్లు చదివే ప్రామాణిక రూపంలో ఉంచిన ఫైలును, ఉన్నదున్నట్టు లోడ్ చేశాం. ఒప్పందం ముగిశాక చూస్తే, ఏవి ఆ ప్యాకేజీవో, ఏవి శాశ్వతంగా కొన్నవో తేల్చే గుర్తు ఒక్కటీ లేదు. ఇద్దరం కూర్చుని ఒక్కో లింకూ నొక్కి చూసుకుంటూ వారాలు గడిపాం. ఆ తరువాత, మార్క్ ఫైళ్లను దిద్దే మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో, లింకు ఉండే 856 ఫీల్డు ప్రతిదానికీ పాఠకులకు కనిపించని ఎక్స్ ($x) సబ్‌ఫీల్డులో, అంటే ఆ ఫీల్డులోని ఒక చిన్న భాగంలో, ప్యాకేజీ పేరు, లోడ్ చేసిన నెల రాయకుండా ఏ ఫైలునూ లోపలికి రానివ్వలేదు.

ఆ గుర్తును లింకుకే కట్టడానికి కారణముంది. ఒకే ఈ-పుస్తకం ఇద్దరు సరఫరాదారుల నుంచి వచ్చినప్పుడు రెండు రికార్డులు పెట్టకుండా, 2009లో వచ్చిన ప్రొవైడర్-న్యూట్రల్ (సరఫరాదారు ఎవరైనా ఒకే రికార్డు వాడే) పద్ధతిలో ఒకే రికార్డులో రెండు 856లు ఉంచడమే నాకు నచ్చుతుంది. ఒక ఒప్పందం పోతే ఆ ఒక్క లింకే పోతుంది. విడి రికార్డులైతే తీసేయడం తేలిక అనేవారున్నారు, అదీ నిజమే. కానీ ఒకే శీర్షిక రెండుసార్లు కనిపిస్తే తికమకపడేది పాఠకుడు కదా.

ఐఎస్‌బీఎన్ దగ్గర, అంటే పుస్తకాన్ని గుర్తించే సంఖ్య దగ్గర, తొందరపడకు. ముద్రిత ప్రతి సంఖ్య, ఆ సంఖ్యకు కేటాయించిన 020 ఫీల్డులో '$a' సబ్‌ఫీల్డులో ఉండిపోతే, లోడ్ చేసేటప్పుడు సిస్టమ్ దాన్ని పట్టుకుని ఈ-పుస్తకాన్ని ముద్రిత పుస్తకపు రికార్డులో కలిపేసే ప్రమాదముంది. ఆ సంఖ్యను జెడ్ ($z) సబ్‌ఫీల్డుకు మార్చి, ముద్రిత రూపం వివరాలను 776 ఫీల్డులో ఇవ్వు. పుస్తకం ఏ రూపంలో ఉందో చెప్పే 338 ఫీల్డులో ఆన్‌లైన్ రిసోర్స్ అని ఉందో లేదో చూడటం నిమిషం పని.

ఇక అందుబాటు విషయం. నీ బల్ల దగ్గర ప్రతి లింకూ తెరుచుకుంటుంది, ఎందుకంటే క్యాంపస్ ఐపీ చిరునామాను సరఫరాదారు గుర్తుపడతాడు. రాత్రి ఇంట్లో కూర్చున్న విద్యార్థికి అదే లింకు డబ్బు కట్టమని అడుగుతుంది. కాబట్టి ప్రతి లోడ్ తరువాత ఒక ఇరవై లింకులను క్యాంపస్ నెట్‌వర్క్ వదిలి, ఫోన్ డేటా మీద, విద్యార్థి ఖాతాతో తెరిచి చూడు. బయటి నుంచి వచ్చే విద్యార్థిని క్యాంపస్ ద్వారా పంపే ప్రాక్సీ సర్వరు చిరునామాను యూఆర్ఎల్‌లో రాయకుండా, వీలైతే క్యాటలాగు చూపించేటప్పుడే చేర్చేలా సిస్టమ్‌లో అమర్చమని అడుగు, లేకపోతే సర్వరు మారిన రోజున రికార్డులన్నీ దిద్దవలసి వస్తుంది.

ఒకేసారి ఒక్కరే చదవగల లైసెన్సు అయితే ఆ మాట 856 జెడ్ సబ్‌ఫీల్డులో తెలుగులోనే స్పష్టంగా రాయి. పరీక్షల ముందు రోజు పుస్తకం తెరుచుకోకపోతే లింకు చెడిపోయిందనుకుని విద్యార్థులు వెళ్లిపోతారు, మనకు ఫిర్యాదు కూడా రాదు.

సరఫరాదారు దగ్గర కేబార్ట్ జాబితా, అంటే ప్యాకేజీలోని శీర్షికలను ప్రామాణిక రూపంలో చూపే పట్టిక, నెలనెలా తెప్పించుకుని మన రికార్డులతో పోల్చు. మొదటి ఫైలు లోడ్ చేసే ముందు అందులోంచి పది రికార్డులు నాకు పంపు, చూసి చెబుతాను.