కొనుక్కో అమ్మలూ, బిగించడం తర్వాత నేర్చుకుందాం

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో అయితే ఒకటి చెబితే ఒకటి మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. లక్షా పదివేలు కూడబెట్టావు. రెండేళ్లుగా ఆ హైబ్రిడ్ సైకిలు మీదే నానక్‌రామ్‌గూడ నుంచి హెల్త్‌వే సైకిల్ ట్రాక్ మీద తిరుగుతున్నావు. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడు) తొక్కాలని ఉంది. ఇంతలో ఆఫీసులో ఎవరో, "రెడీమేడ్‌ది ఎందుకు, ఫ్రేమ్ వేరే, పార్టులు వేరే కొని నువ్వే బిగించుకో, తక్కువలో అయిపోతుంది" అన్నారు. అప్పటినుంచి నీకు నిద్ర లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈసారికి షాపులో బిగించి ఉన్న రోడ్ బైకే, అంటే దూరాలకి వేగంగా తొక్కే సైకిలే, కొనుక్కో. సొంతంగా బిగించుకునే సైకిలు నీకు రెండోది కావాలి గానీ మొదటిది కాకూడదు. సొంత బిగింపు మీద నాకు చిన్నచూపు ఉండి ఈ మాట అనడం లేదు. నేను పుట్టి పెరిగిందే ఆ పనిలో.

తెనాలిలో మీ తాతయ్య షాపు నువ్వు చూడలేదు. నువ్వు పుట్టేసరికే మూసేశాం. ఆ రోజుల్లో సైకిలు కొనడమంటే బిగించుకోవడమే. ఫ్రేమ్ ఒక కంపెనీది, రిమ్ములు ఇంకో కంపెనీవి, హ్యాండిల్ తనకి నచ్చింది, పైన క్యారియరు, డైనమో. అన్నీ ఏరుకుని బల్ల మీద పెడితే నాన్న సాయంత్రానికి బండి చేసి ఇచ్చేవాడు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. రిమ్ము ఒళ్లో పెట్టుకుని, కబుర్లు చెబుతూనే పుల్లలు ఎక్కించేవాడు. నా పని బేరింగు బాల్స్. వేలి కొనకి గ్రీజు రాసుకుని ఒక్కో బాల్‌నీ అంటించి ఎత్తి కప్పులో పేర్చాలి. చివరిది పట్టేంత చోటు మిగిలినా అది పెట్టకూడదు, బాల్స్ కదలడానికి ఆ మాత్రం సందు ఉండాలి. ఎనిమిదేళ్లకే నాకా సంగతి వేళ్లకి తెలుసు.

అప్పుడు అదంతా అంత తేలిగ్గా ఎలా సాగిందో తెలుసా? మా షాపుకి వచ్చే సామాన్లన్నిటికీ ఒకే కొలత. ఎవరి రిమ్మైనా ఎవరి ఫ్రేములోనైనా కూర్చునేది. పెడల్ బిగించే క్రాంకు ఎవరిదైనా పట్టేది. బిగించేవాడికి చెయ్యి తిరిగి ఉంటే చాలు, లెక్కలు అక్కర్లేదు.

ఇప్పటి రోడ్ బైకుల్లో ఆ సుఖం లేదు. పెడల్ ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్‌నే చూడు. కొన్ని ఫ్రేములకి మర ఉంటుంది, కొన్నింటికి మర లేకుండా నొక్కి దించే ప్రెస్‌ఫిట్. ఆ ప్రెస్‌ఫిట్‌లో మళ్లీ రకరకాల వెడల్పులు. ఇరుసు లావు షిమానో కంపెనీకి 24 మిల్లీమీటర్లు, స్రామ్ వాళ్ల డబ్‌కి దాదాపు 29. వెనక చక్రం హబ్బు వెడల్పు పాత రిమ్ బ్రేక్ బండికి 130 మిల్లీమీటర్లు, ఇప్పటి డిస్క్ బండికి 142, అదీ ఫ్రేములోంచి దూర్చి బిగించే త్రూ యాక్సిల్‌తో. గేర్ల సంగతికొస్తే షిమానో సెట్లలో క్లారిస్‌కి వెనక 8 పళ్లచక్రాలు, సోరాకి 9, టియాగ్రాకి 10, 105కి ఇప్పుడు 12. ఒకదాని షిఫ్టరు (గేరు మార్చే మీట) ఇంకోదాని, చైన్‌ని పళ్లచక్రాల మీదికి జరిపే, డీరైలర్‌తో సరిగ్గా పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. కొత్తగా వచ్చిన క్యూస్ సెట్టు అయితే పాతవాటితో కలవనే కలవదు. ఇవన్నీ కలిసేట్టు చూసి, పరీక్షించి అమ్మడమే కంపెనీ చేసే పని. షాపులో సైకిలు కొన్నప్పుడు నువ్వు డబ్బు కట్టేది ఆ తలనొప్పి వాళ్లు పడినందుకు కూడా.

నా సంగతి చెబుతాను. 2016లో, రిటైరైన ఏడాది, నాకు నేనే ఒక రోడ్ బైకు బిగించుకున్నాను. స్టీల్ ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు. మొదటి దెబ్బ క్యాసెట్, అంటే వెనక పళ్లచక్రాల సెట్టు, దగ్గర తగిలింది. నా దగ్గర 10 స్పీడు, అంటే పది పళ్లచక్రాలు పట్టే, చక్రాలు ఉన్నాయి, 11 స్పీడు క్యాసెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కో పళ్లచక్రమూ ఎక్కిస్తూ వచ్చాను. చివరిది పెట్టేసరికి లాక్‌రింగ్‌కి మర అందలేదు. తేడా ఎంతనుకున్నావు? 1.85 మిల్లీమీటర్లు. ఆ కాస్తకి వెనక చక్రం మొత్తం మార్చాల్సి వచ్చింది.

రెండోది ఇంకా బాధ పెట్టింది. ఫోర్కుకి పైన పొడుగ్గా ఒక గొట్టం ఉంటుంది, స్టీరర్ అంటారు. హ్యాండిల్ ఎంత ఎత్తులో కూర్చోవాలో అదే తేలుస్తుంది. కొత్త ఫోర్కుకి దాన్ని పొడుగ్గానే వదిలి ఇస్తారు, మన కొలతకి మనం కోసుకోవాలి. రేసర్ల సైకిళ్లు ఫొటోల్లో చూసి, హ్యాండిల్ కిందికి ఉంటేనే అందం అనుకున్నాను. గొట్టం చుట్టూ టేపు చుట్టి, దాని అంచు వెంబడి సన్నపళ్ల బ్లేడుతో కోశాను. కార్బన్ పొడి పీల్చకూడదని తడిగుడ్డ కప్పుకుంటూ, అరగంట సేపు ఎంతో జాగ్రత్తగా కోశాను. కోత అద్దంలా వచ్చింది. మీ అత్తయ్యని పిలిచి చూపించాను కూడా.

మూడు వారాల తర్వాత బాపట్ల వైపు పొడుగు రైడుకి వెళ్లాను. సగం దూరానికే మెడ పట్టేసింది. అరచేతులు తిమ్మిరెక్కి బ్రేకు ఎంత నొక్కుతున్నానో తెలియలేదు. నా నడుముకి హ్యాండిల్ ఇంకో అంగుళం పైకి ఉండాలి. హ్యాండిల్‌ని ఆ గొట్టానికి పట్టి ఉంచే స్టెమ్ తిరగేసి బిగించి చూశాను, కొంత లేచింది గానీ సరిపోలేదు. కోసేసిన గొట్టాన్ని అతికించలేం కదా. ఇంకో ఫోర్కు కొన్నాను, అది రావడానికి నాలుగు నెలలు పట్టింది.

నీకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నాకు చేతిపని రాక కాదు, నా ఒంటికి ఏం కావాలో తెలియక ఆ తప్పు చేశాను. అప్పటిదాకా నేను రోడ్ బైకు మీద వంద కిలోమీటర్లు కూడా ఒక్కసారి తొక్కలేదు. నువ్వూ ఇప్పుడు అక్కడే ఉన్నావు తల్లీ. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుంటావు. డ్రాప్ హ్యాండిల్ మీద నీ భుజాలు, మెడ, నడుము ఏమంటాయో ఇంకా నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక డబ్బు. తక్కువలో అయిపోతుందన్న మాట నమ్మకు. కంపెనీలు గ్రూప్‌సెట్లు (గేర్లూ బ్రేకులూ కలిసిన సెట్లు) వేలల్లో ఒకేసారి కొంటాయి, వాటికి పడే ధర వేరు. నువ్వు ఒక్క సెట్టు కొంటే చిల్లర ధర. బయటి దేశం నుంచి తెప్పిస్తే పైన కస్టమ్స్. ఆ పైన లెక్కలోకి రాని సామాను: కేబుళ్లు, వాటి తొడుగులు, హెడ్‌సెట్, (హ్యాండిల్ తిరిగే బేరింగు), స్పేసర్లు, బార్ టేపు, సీటు పోస్టు క్లాంపు. పనిముట్లు ఇంకా చెప్పలేదు. క్యాసెట్‌కి ఒక పానా, బాటమ్ బ్రాకెట్‌కి ఒకటి, చైన్ తెంచడానికి ఒకటి, బోల్టు ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచి ఒకటి. కార్బన్ దగ్గర అది లేకుండా పనిచేయకూడదు. స్టెమ్ బోల్టులకి మామూలుగా 5 న్యూటన్ మీటర్లు చాలు, చేతి అంచనాతో బిగిస్తే దాటిపోతుంది. నా బండి ఖర్చు చివరికి తడిసి మోపెడైంది. అదే గ్రూప్‌సెట్‌తో షాపులో ఉన్న బండి కంటే మూడో వంతు ఎక్కువ పెట్టాను.

ఇంకోటి. ఏదైనా చప్పుడు వస్తే, బండి మొత్తం ఒకచోట కొంటే ఆ షాపే పూచీ. విడివిడిగా కొంటే ఫ్రేమ్ అమ్మినవాడు క్రాంక్ మీదికి, క్రాంక్ అమ్మినవాడు ఫ్రేమ్ మీదికి తోసేస్తారు.

డిస్క్ బ్రేకుల సంగతి కూడా చూసుకో. కొత్త ఫ్రేముల్లో చాలావాటికి బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్ గుండా లోపలికి పోతాయి. వాటిని తోయడం, కోయడం, ఆయిల్ నింపి గాలి బుడగలు తీయడం, అవన్నీ మొదటిసారి చేసేవాళ్లకి తలప్రాణం తోకకి తెస్తాయి. పైగా అది బ్రేకు. గేరు సరిగ్గా పడకపోతే మెల్లగా ఇంటికి రావచ్చు. అనంతగిరి కొండ దిగేటప్పుడు బ్రేకు పడకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే నాకు భయం.

అయితే షాపువాడు ఏది చూపిస్తే అది తెచ్చుకోమని కాదు. నువ్వు 5 అడుగుల 2 అంగుళాలు. నీ సైజు బండ్లు షాపుల్లో తక్కువ పెడతారు. "ఒక సైజు పెద్దదైనా సీటు దించితే సరిపోతుంది" అంటారు. ఒప్పుకోకు. సీటు దిగుతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు. నీ సైజు తెప్పించమను, నెల ఆలస్యమైనా పర్లేదు. చిన్న సైజు బండికి కూడా 170 మిల్లీమీటర్ల క్రాంకు, వెడల్పాటి హ్యాండిల్ వేసి అమ్మడం మామూలే. నీకు 165 క్రాంకు, 38 సెంటీమీటర్ల హ్యాండిల్ నప్పుతాయని నా అంచనా. కొనేటప్పుడే మార్చి ఇస్తారేమో అడుగు. కొన్ని షాపులు తేడా డబ్బు తీసుకుని మారుస్తాయి. సీటు మాత్రం ఎవరికి ఏది పడుతుందో తొక్కితేనే తెలుస్తుంది, దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకో.

బాటమ్ బ్రాకెట్ మర ఉన్నదే అడుగు. మన దుమ్ముకి, వానలకి ప్రెస్‌ఫిట్‌లు త్వరగా కిర్రుమంటాయి. మర ఉన్నదైతే రేపు నువ్వే విప్పుకోవచ్చు. కుడివైపు కప్పుకి ఎడమ మర ఉంటుందని మాత్రం గుర్తు పెట్టుకో, తాతయ్య షాపులో బండ్లకీ అలాగే ఉండేది. టైర్లు 28 మిల్లీమీటర్ల కంటే సన్నవి వద్దు. 32 పట్టే చోటు ఫ్రేములో ఉంటే ఇంకా మంచిది. ముందు పళ్లచక్రాలకి 50, 34 పళ్లు, వెనక అతి పెద్దదానికి 32 గానీ 34 గానీ ఉండాలి. వికారాబాద్ దాటి ఎత్తు ఎక్కేటప్పుడు నీ మోకాళ్లే చెబుతాయి ఎందుకన్నానో.

డీరైలర్ హ్యాంగర్ ఒకటి అదనంగా కొను, అదీ బండి కొన్న రోజే. వెనక డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క అది. బండి కుడివైపు పడితే ముందు వంగేది అదే. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, తర్వాత వెతికితే దొరకదు. అరచేతిలో పట్టే ఆ ముక్క లేక నెలన్నర గోడకి ఆనించి ఉంచిన బండ్లు నేను చూశాను.

బరువు గురించి బెంగ వద్దు. 200 బీఆర్ఎంకి 13న్నర గంటల టైము ఇస్తారు. టీ తాగడం, పంక్చరు వేసుకోవడం, ఫొటోలు, అన్నీ కలిపి గంటకి 15 కిలోమీటర్లు పడితే చేరిపోతావు. కిలో బరువు తగ్గించుకోవడానికి ముప్ఫై వేలు ఎక్కువ పెట్టకు. సోరా గానీ టియాగ్రా గానీ ఉన్న అల్యూమినియం బండి నీకు చక్కగా సరిపోతుంది. లక్షా పదిలో పదిహేను వేలు ముట్టుకోకుండా ఉంచు, మంచి లైట్లు, హెల్మెట్, పంపు, పనిముట్ల కోసం. చీకట్లో తొక్కేటప్పుడు లైట్లూ మెరిసే జాకెట్టూ నియమం కూడా. సెకండ్‌హ్యాండ్ వైపు ఇప్పుడు పోకు. కార్బన్ ఫ్రేములో పగులుంటే పెయింటు కింద నీకు కనిపించదు.

మీ తాతయ్య ఫ్రేమ్ ఒకటి అటక మీద ఉండి, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నువ్వడిగి ఉంటే నేను వేరేలా రాసేవాణ్ని. షాపుల్లో దొరికే ఏ సైజూ సరిపడని ఒళ్లయితే అప్పుడూ వేరేలా చెప్పేవాణ్ని. నీకు ఆ రెండూ లేవు. ఉన్నదల్లా బిగించాలన్న సరదా, అది నాకెంతో సంతోషం. మన ఇంట్లో ఆ పని నాతో ఆగిపోతుందనుకున్నాను.

అందుకే సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పాత హైబ్రిడ్‌ని బస్సులోనో రైల్లోనో వేసుకుని రా. వరండాలో స్టాండు ఉంది. కొత్త బండి రోడ్డు మీద ఉంటుంది, పాతదాన్ని మనం పూర్తిగా విప్పుదాం. హెడ్‌సెట్, బాటమ్ బ్రాకెట్, హబ్బులు, అన్నీ. నువ్వే విప్పి నువ్వే గ్రీజు పెట్టి బిగించు, నేను పక్కన కూర్చుంటాను. రిమ్ము బెండు తీయడం కూడా నేర్పిస్తాను. తప్పు పోయినా దాని మీద నష్టం లేదు. ఏడాది పాటు కొత్త బండి తొక్కాక, ఏ హ్యాండిల్ నీకు నప్పిందో, ఎంత ఎత్తు కావాలో, ఏ గేరు ఎప్పుడూ వాడలేదో నీకే తెలుస్తుంది. అవన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండు. ఆ పుస్తకం నిండాక ఫ్రేమ్ కొందాం. నా పనిముట్లన్నీ నీవే.

షాపుకి ఆదివారం వెళ్తానన్నావు. దానికి ముందు ఒక కొలత పంపు. చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడు. గట్టి అట్ట ఉన్న పుస్తకం కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి పట్టుకో. మీ అమ్మని నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవమను, మూడుసార్లు. ఆ సెంటీమీటర్లని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైదాకా ఎత్తు రమారమి వస్తుంది. 72 వస్తే 63న్నర. ఆ నంబరూ, నువ్వు చూసిన బండ్ల స్టాక్ (ఫ్రేము ఎత్తు), రీచ్ (ముందుకి పొడుగు) కొలతలూ శనివారం రాత్రిలోగా నాకు పెట్టు. ఏది ఎక్కి చూడాలో చెబుతాను.

అత్తయ్య అడిగానని చెప్పమంది.

మామయ్య
తెనాలి