నీ గురించి చెప్పమంటే మౌనం, కథ రాయమంటే పేజీలు

పదహారు, పదిహేడేళ్ల పిల్లలు తమ నిర్ణయాలు తమ చేతిలోనే ఉన్నాయని ఎంతవరకు నమ్ముతున్నారో తెలుసుకోవాలనుకుంటే, ప్రశ్నావళిలో అందరూ ‘అవును’ అనే రాస్తున్నారని, కథలు రాయిస్తే ఏమైనా తెలుస్తుందా అని మీరు అడిగారు. తప్పకుండా తెలుస్తుంది. ఈ వయసు పిల్లలతో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తమ సంగతి చెప్పమంటే బిగుసుకుపోయేవాళ్లే, ఇంకొకరి కథను పూర్తి చేయమంటే పేజీలు నింపుతారు.

రెండు వాక్యాలు చాలు: ‘రవళికి దూరపు కాలేజీలో సీటు వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తింది.’ తర్వాత ఏమి జరిగిందో రాయమనండి. సగం మందికి రవళి బదులు రవి అని ఇవ్వండి. 1995లో పరిశోధకులు సిలియా కిట్జింగర్, డెబోరా పావెల్ ప్రేమ సంబంధాల్లో ద్రోహం మీద చేసిన అధ్యయనంలో ఇలాగే స్త్రీ, పురుష పాత్రలను తారుమారు చేసి ఇచ్చారు. తేడా మీకే కనిపిస్తుంది.

అసలు కష్టమంతా చదవడంలోనే ఉంది. కథ మలుపు తిరిగేచోట కదిలింది ఎవరో చూడండి: ఆ పాత్రేనా, ఉన్నట్టుండి వచ్చిన మేనమామా, అదృష్టమా? ఒక అమ్మాయి కథలో రవళి భోజనాల దగ్గర ఒక్క మాటకూ బదులివ్వదు. గదిలోకి వెళ్లి కాలేజీలో చేరే పత్రం నింపి పంపేస్తుంది. గడువు ముగిశాక ఇంట్లో చెబుతుంది. పైపైన చదివితే ఆ మౌనం నిస్సహాయతలా కనిపిస్తుంది. బేరమాడటం, దాచడం, మొండికేయడం కూడా కర్తృత్వంలో, అంటే తన నిర్ణయం తానే తీసుకుని నడవగలగడంలో, భాగమేనని సామాజిక ఆర్థికవేత్త నైలా కబీర్ 1999లోనే రాశారు. ఎదిరించిన పాత్రలకే మార్కులు వేసే పద్ధతి పెట్టుకోకండి, దయచేసి.

రాసినదంతా వాళ్ల సొంత అనుభవం అనుకోవద్దు. ఏది సాధ్యమని వాళ్లు ఊహిస్తున్నారో మాత్రమే కథ చెబుతుంది. అందుకే తర్వాత కూర్చుని, ‘రవళి ఇంకోలా చేసి ఉండవచ్చా? దానికి ఆమెకు ఏమి ఉండాలి?’ అని అడుగుతాను. నాకు ఎక్కువ విషయం దొరికేది ఇక్కడే. రాయడం ఇష్టం లేనివారికి బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ బాగుంటుంది. చూసేవాళ్లే నాటకం ఆపి, ఆ పాత్ర స్థానంలోకి వచ్చి ఇంకో దారి ప్రయత్నిస్తారు. ఫోటోలకు తమ గొంతు జోడించి చేసే డిజిటల్ కథలు మాత్రం చిన్న పరిశోధనకు వద్దంటాను. సమయం చాలా పడుతుంది, పైగా అది ఎవరి కథో ఇట్టే తెలిసిపోతుంది.

మొదట తీసుకున్న సమ్మతి ఒక్కటే చాలదు. కథ పూర్తయ్యాక చదివి వినిపించి, వాడుకోవచ్చా అని మళ్లీ అడగండి. వద్దన్నవారి కాగితం కారణం అడగకుండా తిరిగి ఇచ్చేయండి.