వాడేసిన అణు ఇంధనాన్ని శుద్ధి చేయడానికి కరిగిన ఉప్పు ఎందుకు? యాసిడ్ చాలదా?

ఇక్కడ ఉప్పంటే ఉప్పునీరు కాదు. లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ తగిన పాళ్లలో కలిపి వేడి చేస్తే సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతాయి. అమెరికాలోని ఇడాహోలో, 1994లో మూసేసిన ఈబీఆర్-2 అనే ప్రయోగాత్మక ఫాస్ట్ రియాక్టర్ (వేగంగా కదిలే న్యూట్రాన్లతో నడిచేది) ఇంధనాన్ని 1996 నుంచి ఇందులోనే శుద్ధి చేస్తూ వచ్చారు.

ముక్కలు చేసిన లోహ ఇంధనాన్ని స్టీలు బుట్టలో వేసి, 500 డిగ్రీల ఉప్పులో ముంచి కరెంటు పంపుతారు. బుట్టే ఆనోడ్. యురేనియం ఉప్పులోకి కరిగి, అవతలి స్టీలు కాథోడ్ మీద లోహంగా పేరుకుంటుంది. రాగిని శుద్ధి చేసే సూత్రమే ఇది. నాకు బాగా నచ్చేది మిగతా మూలకాలు విడిపోయే తీరు. క్లోరైడ్‌గా మారడానికి తేలిగ్గా ఒప్పుకునే సీజియం, స్ట్రాన్షియం ఉప్పులోనే ఉండిపోతాయి. మొండికేసే రుథీనియం లాంటివి బుట్టలోనే మిగులుతాయి. ప్లుటోనియం కూడా ఉప్పులోనే ఉంటుంది. అది కావాలంటే ద్రవ కాడ్మియం కాథోడ్ వాడాలి. అప్పుడు కూడా యురేనియం, అమెరీషియం వంటివి కలిసే వస్తాయి.

ఇక యాసిడ్ సంగతి. ఆ పద్ధతిలో ఇంధనాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, అందులోంచి యురేనియం, ప్లుటోనియంలను విడదీయడానికి వాడే సేంద్రియ ద్రావకాన్ని తీవ్రమైన రేడియేషన్ పాడుచేస్తుంది, ఉప్పుకు ఆ బాధ లేదు. పైగా ఈబీఆర్-2 ఇంధనం లోపల సోడియం ఉంది. అది నీరు తగిలితే భగ్గుమంటుంది, యాసిడ్ ద్రావణంలో నీరు ఉండనే ఉంటుంది.

ఇబ్బందులు లేకపోలేదు. తేమ, ఆక్సిజన్ సోకకుండా పనంతా ఆర్గాన్ వాయువు నింపిన గదుల్లో, రిమోట్ పరికరాలతోనే జరగాలి. మన కల్పాక్కంలోని ఐజీకార్ (ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం) కూడా ఫాస్ట్ రియాక్టర్ల లోహ ఇంధనం కోసం ఈ పద్ధతిపై పరిశోధన చేస్తోంది.