వెన్నెముక ఉంటే వంగకూడదా?

ప్రశ్న: వర్టిబ్రేట్, వర్టిబ్రల్ అనే ఇంగ్లీషు మాటలు రెండూ ఒకటేనా? మా అబ్బాయి పామును ఇన్‌వర్టిబ్రేట్ అని రాసి మార్కులు పోగొట్టుకున్నాడు. ‘అన్ని మెలికలు తిరిగేదానికి వెన్నెముక ఎలా ఉంటుంది?’ అని ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. - ఒక పాఠకురాలు

జవాబు: అబ్బాయిని కోప్పడకండి. నేను ముప్ఫై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఏటా ఒకరిద్దరైనా ఇదే రాసేవారు. వెన్నెముక అనగానే నిలువునా పాతిన గుంజ లాంటిదేదో మనసులో మెదులుతుంది. పేచీ అంతా అక్కడే.

లాటిన్‌లో ‘వెర్తెరె’ అంటే తిరగడం. వర్టిబ్రా అనే మాట దాని నుంచే వచ్చింది. మొదట కీలు అని అర్థం, తరువాత వెన్నుపూస. అంటే ఆ పేరులో ఉన్నది బిగువు కాదు, కదలిక. ఆ మాటకొస్తే మన ‘వెన్నుపూస’ ఇంకా బాగుంది. పూసల దండ ఎటైనా వంగుతుంది కదా! మన మెడలో 7 పూసలు, అంత పొడవాటి జిరాఫీ మెడలోనూ 7 పూసలే. పాములకైతే సాధారణంగా 200కు పైనే ఉంటాయి, కొన్నింటికి 300 దాటుతాయి. అన్ని పూసలు ఉండబట్టే పాము అలా మెలికలు తిరుగుతోంది. మీ అబ్బాయి చూసింది నిజమే, తేల్చినదే తలకిందులైంది.

ఇక మాటల తేడా. వర్టిబ్రేట్ అన్నది జంతువు మొత్తాన్ని చెప్పే విశేషణం, నామవాచకంగానూ వాడతారు. చేపలు, కప్పలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అన్నీ వర్టిబ్రేట్లే. మన పాఠ్యపుస్తకాలు సకశేరుకాలు అనేది వీటినే. వర్టిబ్రల్ అంటే వెన్నుపూసకు సంబంధించినది. వెన్నెముకను వర్టిబ్రల్ కాలమ్ అనవచ్చు కానీ, ఏనుగును వర్టిబ్రల్ యానిమల్ అంటే తప్పు. ఇన్‌వర్టిబ్రేట్‌లోని ‘ఇన్’ను ‘లోపల’ అనుకునేవారూ ఉన్నారు. అది ‘లేని’ అని చెప్పే ఉపసర్గ, మన అకశేరుకంలోని ‘అ’ లాంటిది.

సొరచేపకు అసలు ఎముకలే ఉండవు. అస్థిపంజరమంతా మృదులాస్థే, అంటే మన చెవి డొప్పలో ఉండేలాంటి వంగే మెత్తటి పదార్థం. అయినా వెన్నుపూసలు ఉన్నాయి కనుక అదీ వర్టిబ్రేటే. ఈ సంగతి మాత్రం మీ అబ్బాయికి అప్పుడే చెప్పకండి, ముందు పాము గొడవ తేలనివ్వండి.