బజారులోంచి బళ్లు పోనివ్వకపోతే వ్యాపారం దెబ్బతింటుందా?

మీ ఊరి మెయిన్ బజారులో జనం నిశ్చింతగా నడవాలన్నా, సైకిలు తొక్కాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి, కొట్లవాళ్లకి నష్టం రాదా అని అడిగారు. చదువు కోసం నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో రెండేళ్లున్నాను. అక్కడ చూసింది, మా ఊళ్లో చూసింది రెండూ చెబుతాను.

సైకిళ్లకి విడిగా ట్రాక్ వేస్తే సరిపోతుందని నేనూ అనుకునేదాన్ని. తీరా వెళ్లి చూస్తే, ఊరి నడిబొడ్డున చాలా వీధుల్లో ట్రాక్ అన్నదే లేదు. ఈ గోడ నుంచి ఆ గోడదాకా పసుపురంగు ఇటుకలు పరిచిన నేల, అంతే. అసలు కిటుకు వేరే ఉంది. 1977 సెప్టెంబరులో అక్కడి మున్సిపాలిటీ ఊరి మధ్యభాగాన్ని నాలుగు ముక్కలు చేసింది. కారులో ఏ ముక్కలోకైనా రావచ్చు, పక్క ముక్కలోకి మాత్రం నేరుగా పోకూడదు. బయటికెళ్లి చుట్టూ తిరిగి రావాలి. నడిచేవాళ్లకి, సైకిలు మీద వెళ్లేవాళ్లకి ఆ అడ్డు లేదు. దాంతో బజారులో పనేమీ లేకుండా అడ్డంగా దూసుకుపోయే బళ్లు కనపడకుండా పోయాయి. కొట్లవాళ్లు అప్పట్లో గట్టిగానే ఎదురుతిరిగారు. మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే కుర్ర నాయకుడు పట్టు విడవలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో జరిగే ప్రయాణాల్లో దాదాపు 60 శాతం సైకిలు మీదే.

మా అమ్మానాన్నలు నన్ను చూడడానికొచ్చినప్పుడు ఒక శనివారం స్టేషన్ నుంచి హెరెస్ట్రాట్ అనే వీధి మీదుగా విస్‌మార్క్ట్ సంతకి నడిపించుకెళ్లాను. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఊళ్లో రోడ్డు దాటాలంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుని, హారన్ వినపడ్డప్పుడల్లా వెనక్కి లాగుతుంది. అక్కడ మాత్రం చెయ్యి వదిలేసి, చేపల కొట్టు దగ్గర ఆగి, పూల బకెట్లు చూసుకుంటూ తన పాటికి తను ముందు నడిచిపోయింది. వెనకనుంచి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మాది గుంటూరు జిల్లాలో చిన్న పట్టణం. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక సాయంత్రం బజారులో టీ కొట్టు దగ్గర అరగంట నిలబడి, వచ్చే బళ్లని లెక్కపెట్టాను. ఏదో ఒక కొట్టు ముందు ఆగినవి తక్కువ. ఎక్కువ బళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి పోతున్నవే. వాటివల్ల ఏ కొట్టుకీ పైసా రాదు. మీరూ ముందు ఈ లెక్క తీయండి, వీలైతే కొట్లవాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని. నేను ఎంత చెప్పినా నమ్మని మా చెప్పుల షాపు బాబాయి ఆ కాగితం చూశాక మాట మార్చాడు.

ఇక ఫుట్‌పాత్. మన దేశంలో రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. అది చెప్పేది అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్లకి మించని ఎత్తు. మన దగ్గర ఫుట్‌పాత్ మోకాలెత్తున కట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. మా నాన్న సైకిలు మానేసింది కూడా అలాంటి చోటే: ఆపి ఉన్న కారుని తప్పించబోతే వెనకనుంచి బైకు తగిలింది.

తోపుడు బళ్లవాళ్లని మాత్రం తరిమేయొద్దు. జనం నడిచొచ్చేది వాళ్లకోసమే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా వాళ్లని ఖాళీ చేయించకూడదు. ఇంకోటి, గ్రోనింగెన్‌కి మన ఎండ తెలియదు. నీడ లేకపోతే మే నెలలో ఎంత మంచి రోడ్డు వేసినా ఎవరూ నడవరు. వేప, కానుగ మొక్కలు మొదటి రోజే నాటించండి, అవి ఎదిగేదాకా పందిళ్లు వేయించండి.

ఒకేసారి అంతా మార్చమని అడగకండి. ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 9 దాకా బజారు మధ్యలో ఒక్కచోట బారికేడ్లు పెట్టమని అడగండి. అంబులెన్సు వస్తే జరపడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. సరుకు ఆటోలకి పొద్దున టైము ఇవ్వండి. నాలుగు వారాలు చేశాక ఎలా ఉందో ముందు కూరగాయలమ్మే ఆడవాళ్లని అడగండి, తర్వాత కొట్లవాళ్లని.