మోకాలి కీలు పొరలో గడ్డ: నీరు తీయించుకుంటూ కాలం గడపవద్దు

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. ఇంట్లో బట్టలు కుడుతుంటాను. రెండేళ్లుగా కుడి మోకాలు వాస్తోంది. మా ఊరి ఆర్‌ఎంపీ నాలుగుసార్లు నీరు తీసి ఇంజెక్షన్ వేశారు. ఇటీవల ఎమ్మారైలో ‘డిఫ్యూజ్ పీవీఎన్‌ఎస్’ అని వచ్చింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. చిన్న రంధ్రాలతో చేస్తే సరిపోతుందా? ఎన్ని రోజులకు మళ్లీ మిషన్ తొక్కవచ్చు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినవాటికంటే ముందు నన్ను కలవరపెట్టిన విషయం చెబుతాను. నాలుగుసార్లు తీసిన నీటిని ఒక్కసారైనా ల్యాబ్‌కు పంపినట్లు మీరు రాయలేదు. పీవీఎన్‌ఎస్ (పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులర్ సైనోవైటిస్) అనే ఈ జబ్బులో కీలు పొర గుత్తులుగా పెరిగి తరచూ రక్తం స్రవిస్తుంది కాబట్టి, బయటికి వచ్చే ద్రవం చాలామందిలో ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. దెబ్బ తగలకుండా అలాంటి ద్రవం వచ్చిందంటే, అప్పుడే ఎముకల వైద్యుల వద్దకు వెళ్లి ఉండవలసింది. మీకు వేసినది స్టెరాయిడ్ అయితే, వాపు కొన్ని వారాలు తగ్గినట్లే ఉంటుంది గానీ లోపలి గడ్డ కరగదు. అది పెరుగుతూ మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. పైగా శుభ్రత సరిగా లేనిచోట కీలులోకి సూది గుచ్చితే చీము పట్టే ప్రమాదం ఉంది. దయచేసి ఐదోసారి తీయించుకోవద్దు.

ఇది సాధారణంగా క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అయితే ఎమ్మారై బలమైన అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది, తీసిన పొరను బయాప్సీ చేస్తేనే నిర్ధారణ అవుతుంది. ఒకే మోకాలు నెలల తరబడి వాస్తే మన దగ్గర కీళ్ల క్షయను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

గడ్డ ఒకేచోట ఉండే రకానికి మీరు అడిగిన చిన్న రంధ్రాల ఆపరేషన్ (ఆర్థ్రోస్కోపీ) చాలావరకు సరిపోతుంది. మీది పొరంతా వ్యాపించే (డిఫ్యూజ్) రకం. మోకాలి వెనుక భాగంలో కూడా గడ్డ ఉంటే, కాలికి వెళ్లే ప్రధాన రక్తనాళాలు, నరం అక్కడే ఉంటాయి కాబట్టి, ముందువైపు రంధ్రాలతో చేసినా వెనుకవైపు కోత పెట్టవలసి రావచ్చు. కోత చిన్నదా పెద్దదా అన్నదానికంటే గడ్డ ఎంత పూర్తిగా తీయగలిగారన్నదే ముఖ్యం. జాగ్రత్తగా తీసినా ఈ రకం మళ్లీ రావడం తరచుగా చూస్తాం. అందువల్ల తర్వాత కూడా డాక్టరు చెప్పిన సమయానికి ఎమ్మారై తీయించుకోవాలి. ఇంకా ఆలస్యం చేసి మృదులాస్థి పూర్తిగా అరిగితే కీలు మార్పిడి తప్ప దారి ఉండకపోవచ్చు, 34 ఏళ్లకు ఆ పరిస్థితి రాకూడదు.

మాత్రలతో పోతుందేమోనని ఎవరైనా చెబితే వెంటనే నమ్మవద్దు. అమెరికాలో 2019లో అనుమతి పొందిన పెక్సిడార్టినిబ్ అనే మందు ఉన్నా, అది ఆపరేషన్‌తో మెరుగుపడే అవకాశం లేని వయోజనులకు ఉద్దేశించినది. కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు.

మిషన్ విషయంలో, మిమ్మల్ని పరీక్షించకుండా ఇన్ని రోజులని చెప్పడం సరికాదు. కీలు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టాలి, మోకాలు తగినంత వంగి, తొడ కండరం బలపడిన తర్వాతే తొక్కాలి; వీలైతే అప్పటిదాకా మోటారు పెట్టించుకోండి.

సర్జన్ వద్దకు రిపోర్టు కాగితంతో పాటు ఎమ్మారై ఫిల్ములు, ఇంతవరకు వాడిన నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల చీటీలు తీసుకువెళ్లండి. ఈలోగా జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రగా వేడెక్కినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.